సీలు గదిలో దూరుగాలి

మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది గానీ నెవెంకా దిమ్‌కోవ్‌స్కా ఇంకా కాఫీ ముట్టలేదు. చేతిలో కాఫీ కప్పు లేకుండా ఆమెను చూసినవాళ్లు స్కోప్యే పోలీసుల్లో ఎవరూ లేరు. ఇంత ఉద్యోగంలో ఆమె కాఫీ మరిచిపోయిన రోజులు రెండో మూడో ఉంటాయి. ఆ రోజుల్లో ఏమేం జరిగాయో హత్యల విభాగంలో పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆమెకు ఎదురుగా కూర్చున్న పిల్ల పేరు లిరియే దావుతి. సర్కారు మత్తుమందుల పరీక్షశాలలో రసాయన నిపుణురాలు. నిన్న సాయంత్రం ఒంటి మీద తెల్లకోటు విప్పనివ్వకుండానే పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. ముందు పెట్టిన పొరల రొట్టె బురెక్ చల్లారి నూనె పేరుకుంటోంది.

"ముందు తిను," అంది నెవెంకా. "ఖాళీ కడుపుతో మాట్లాడితే మనిషి తెలిసింది కూడా తెలియదంటాడు."

"గొంతు దిగట్లేదు మేడమ్."

"పెరుగు తాగుతూ తిను, అదే దిగుతుంది. మేడమ్ అనకు. నాకు నీ అంత కూతురుంది, అది నన్నసలు ఏమీ అనదు, ఫోన్ చేస్తే ఎత్తదు."

లిరియే నవ్వబోయి మానేసింది. ఒక ముక్క తుంచింది.

ఈ గొడవంతా ఇద్దరు ముసలమ్మల చావుతో మొదలైంది. ఒలివెరా, జాగోర్కా అని ఒకే మేడలో పైనొకరు కిందొకరు ఉండేవారు. పొద్దున్నే కలిసి కాఫీ తాగడం, సాయంత్రం కలిసి కోడళ్లను ఆడిపోసుకోవడం, ఇదీ వాళ్ల కాలక్షేపం. నాలుగు రోజుల తేడాలో ఇద్దరూ నిద్రలోనే పోయారు. డాక్టరు ఇద్దరికీ గుండె అని రాసి చేతులు దులుపుకున్నాడు. ఆ వయసులో గుండె అంటే ఎవరు కాదంటారు? నెవెంకా కూడా కాదనేది కాదు. కానీ రెండో ఆవిడ మంచం పక్కన నిద్ర బిళ్లల అట్ట కనబడింది. మొదటి ఆవిడ మంచం పక్కన అదే అట్టలోంచి కత్తెరతో కత్తిరించిన ముక్క కనబడింది. ఒకరికి నిద్ర పట్టకపోతే ఇంకొకరు తన బిళ్లలు కత్తిరించి ఇవ్వడం ఇక్కడ ప్రతి మేడలోనూ ఉన్నదే. పంచదార అప్పిచ్చినట్టు నిద్ర బిళ్లలు ఇచ్చిపుచ్చుకుంటారు. నెవెంకా తల్లి కూడా అలాగే చేసేది.

అట్టను నెవెంకాయే స్వయంగా పరీక్షశాలకు పంపింది. దాన్ని పరీక్షించింది లిరియే.

"ఏం కనబడిందో మళ్లీ చెప్పు. నాకు చదువు చెప్పినట్టు కాదు, మీ అమ్మకు చెప్పినట్టు చెప్పు."

"పైకి మనందరికీ తెలిసిన నిద్ర బిళ్లే. అదే తెలుపు, మధ్యలో అదే గీత. లోపల నిద్రమందు లేదు. నల్లమందు జాతిది, ఫ్యాక్టరీలో తయారుచేసింది. ఆసుపత్రిలో ఇచ్చే మార్ఫిన్ దీని ముందు చిన్నపిల్ల. ఒక్క బిళ్లతో ఊపిరి తీసుకోవడమే మరిచిపోతారు."

"నిద్రలో."

"నిద్రలోనే. పక్కన పడుకున్నవాళ్లకు కూడా తెలియదు."

యూరప్ దేశాల యూనియన్‌లో చేరడానికి గుమ్మంలో నిలబడ్డ దేశాలన్నింటితోనూ లిస్బన్‌లో ఉన్న యూనియన్ మత్తుమందుల ఆఫీసు ఒక ఏర్పాటు చేసుకుంది. ఎక్కడ కొత్త విషం కనబడినా వెంటనే అక్కడికి చెప్పాలి. వాళ్లు మిగతా దేశాలన్నిటికీ చాటింపు వేస్తారు. ఆసుపత్రులూ మందుల షాపులూ ఒక్క పూటలో జాగ్రత్త పడతాయి. కాకపోతే ఇలాంటి గట్టి మాట చెప్పేముందు యూనియన్‌లో ఉన్న ఏదో ఒక దేశం పరీక్షశాల కూడా సరిచూడాలి. అందుకని మిగిలిన నాలుగు బిళ్లలనూ అట్టతో సహా సీలు వేసి లుబ్లియానాకు పంపారు.

లుబ్లియానా నుంచి జవాబొచ్చింది. సీలు చెక్కుచెదరలేదు. లోపల ఉన్నవి అసలుసిసలు నిద్ర బిళ్లలు. విషం లేదు, పాడూ లేదు.

దాంతో లిరియే మెడకు ఉచ్చు పడింది. పేరు తెచ్చుకోవడానికి లేని విషం పుట్టించిందన్నారు. పరీక్షశాలలో నమూనా కోసం దాచిన మందును తనే కలిపి లెక్క చూపించిందన్నారు. పరీక్ష చేయగా మిగిలిన ద్రవం సీసాలను కూడా సాక్ష్యం పేరుతో మూటగట్టి పట్టుకుపోయారు. లిస్బన్ వాళ్లు మర్యాదగానే అడిగారు. సాయంత్రం ఐదింటికల్లా మీ మాట మీద నిలబడతారో, వెనక్కి తీసుకుంటారో చెప్పండన్నారు. వెనక్కి తీసుకుంటే లిరియే జైలుకు. అది ఒక ఎత్తు. ఆ బిళ్లలు ఇళ్లలో అలాగే తిరుగుతుంటాయి, పోయినవాళ్లందరికీ గుండె అని రాస్తుంటారు. అది ఇంకో ఎత్తు.

"నువ్వే మార్చావా?" అడిగింది నెవెంకా.

"నేనెందుకు మారుస్తాను? నేను చెప్పింది తప్పని నేనే నిరూపించుకోవడానికా?"

"అదే నేనూ అనుకున్నాను. కానీ సీలు వేసేటప్పుడు మధ్యలో లేచావట."

"కిటికీ తెరుచుకుంది. వెనక తలుపు కూడా తెరిచే ఉంది. దూరుగాలి కొట్టింది. ఒంటికి మంచిది కాదు కదా, లేచి మూశాను."

ఆ మాట ఎంత మామూలుగా చెప్పిందో నెవెంకా అంత మామూలుగానే తలూపింది. లేచి తలుపు వైపు రెండడుగులు వేశాక ఆగిపోయింది.

"లే," అంది. "కోటు వేసుకునే ఉన్నావుగా, నడు. మీ పరీక్షశాలలో నమూనాలకు సీలు వేసే గదికి వెళ్దాం."

* * *

సీలు గదిలో వాళ్లకంటే ముందే సాషో అర్సోవ్ కూర్చుని ఉన్నాడు. మత్తుమందుల ముఠాల మీద వేసిన ప్రత్యేక దళానికి పెద్ద అతనే. లిరియేను పట్టించింది అతనే, సీసాలు మూటగట్టింది అతని మనుషులే. పదిహేనేళ్ల కిందట కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నెవెంకా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆమె కంటే రెండు మెట్లు పైన ఉన్నాడు. అయినా అక్కా అనడం మానలేదు. ఆ అక్కాలో ఎంత మర్యాద ఉందో, ఎంత ఎగతాళి ఉందో అతనికే తెలియాలి.

"ముద్దాయిని ఊరేగిస్తున్నావేంటి అక్కా? రూలు మరిచిపోయావా, పింఛను దగ్గర పడిందని లెక్కలేకుండా పోయిందా?"

"రూలు నీకు నేర్పింది నేనే సాషో. ముద్దాయిని సంఘటన స్థలానికి తీసుకురావచ్చు. ఆ పాఠం రోజు నువ్వు నిద్రపోయావు, నాకు గుర్తే."

"ఐదింటికి మాట వెనక్కి తీసుకుంటున్నాం. మంత్రిగారు ఒప్పుకున్నారు."

"ఐదు కాలేదుగా. వీడియో పెట్టు."

గది చిన్నది. మధ్యలో ఒక బల్ల, అటొకటి ఇటొకటి కుర్చీలు. ఒక గోడకు తలుపు, ఎదురు గోడకు కిటికీ. పై మూలన కెమెరా. రూలు ప్రకారం సీలు వేసేటప్పుడు ఇద్దరుండాలి. ఒకరు పరీక్ష చేసినవాళ్లు, అంటే లిరియే. రెండోవాడు నమూనాలు దాచే గదికి బాధ్యుడు, స్పాసే. వచ్చే ఏడాది ఉద్యోగం నుంచి దిగిపోయే పెద్దాయన.

వీడియోలో శబ్దం లేదు. లిరియే అట్టను బల్ల మీద పెట్టింది. స్పాసే తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు, ఉన్ని చొక్కా మీద ఉన్ని మఫ్లరు. ఉన్నట్టుండి కర్టెన్ ఎగిరింది, కాగితాలు లేచాయి. లిరియే చటుక్కున లేచి కిటికీ వైపు వెళ్లింది, కెమెరాకు అందకుండా పోయింది. స్పాసే బల్ల మీదకు వంగి రెండు చేతులతో కాగితాలు అదిమిపెట్టాడు. బల్ల అంతా అతని భుజం చాటుకు పోయింది. లిరియే తిరిగొచ్చింది. అట్టను కవరులో వేసింది, సీలు పడింది.

"చూశావా?" అన్నాడు అర్సోవ్. "సరిగ్గా సీలు వేసే ముందు లేచింది. కిటికీ దగ్గర వేరే అట్ట దాచుకుంది, తెచ్చి మార్చింది. ముసలాయన పాపం కాగితాల గొడవలో పడ్డాడు."

"నేను చేతులు ఖాళీగా వెళ్లి ఖాళీగా వచ్చాను. కనబడట్లేదా?" అంది లిరియే.

"నీ చేతులు నాకు కనబడలేదు తల్లీ. స్పాసే కనబడ్డాడు అంతే."

"అదే," అంది నెవెంకా. "స్పాసే కనబడ్డాడు."

ఆమె కిటికీ దగ్గరకు వెళ్లింది. పాత చెక్క కిటికీ. చలికాలం గాలి దూరకుండా చట్రం చుట్టూ ఉన్ని పట్టీలు అంటించి ఉన్నాయి. అలా అంటించిన కిటికీని బలంగా లాగితే గానీ తెరవలేం, గాలి దెబ్బకు దానంతట అది తెరుచుకోవడం అసలే ఉండదు. కానీ గడియ వైపు పట్టీ లేదు. ఉన్నచోట జిగురు ఇంకా చేతికి అంటుకుంటోంది. నెవెంకా కిందకు వంగి చూసింది. వేడిగొట్టాల వెనక, చక్కగా మడతపెట్టిన పట్టీ.

"ఈ పట్టీలు ఎవరు అంటించారు?"

"ఇంకెవరు? స్పాసే తాతే," అంది లిరియే. "ఈ మేడలో కిటికీలన్నీ ఆయనే అంటించాడు. పొడి నమూనాలు తెరిచేటప్పుడు గది గాలి బయటకు పోవాలని యూనియన్ వాళ్లు ఫ్యాన్లు పెట్టించారు కదా, వాటికి కూడా అట్ట ముక్కలు కొట్టేశాడు. సొంత కూతురి పెళ్లిలో చర్చి తలుపులు రెండూ తీశారని తంతు ఆపించిన మనిషి."

"ఆపేశాడా?"

"పాదిరిగారు మూయించాకే కానిచ్చారట."

అర్సోవ్ నవ్వాడు. "అక్కా, ఇక్కడ రెండు చావులున్నాయి, దేశం పరువుంది, నువ్వు కిటికీలకు పట్టీలు లెక్కపెడుతున్నావు."

"నువ్వు కూడా ఒక పని చెయ్యి. ఆ పెద్దాయన్ని పిలిపించు."

"ఎందుకు?"

"నీకు అభ్యంతరమేంటి?"

అర్సోవ్ ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణం నెవెంకాకు కనబడింది. అంతలోనే భుజాలు ఎగరేసి ఫోన్ తీశాడు.

* * *

స్పాసే ఉన్ని చొక్కాతోనే వచ్చాడు. బయట మే నెల ఎండ మండిపోతోంది, ఆయన మెడకు మఫ్లరు కూడా ఉంది. నెవెంకాను చూసి చేతులు చాచాడు.

"అమ్మాయ్ నెవెంకా! మీ నాన్న ఎలా ఉన్నాడు?"

"పోయి ఆరేళ్లయింది బాబాయ్. నువ్వు సమాధి దాకా వచ్చావు."

"అవునవును. మట్టి గట్టిగా ఉండింది ఆ రోజు."

"కూర్చో బాబాయ్. ఆ కుర్చీలోనే, వీపు తలుపు వైపు. లిరియే, నువ్వు నీ చోట కూర్చో. ఏం లేదు, ఆ రోజు ఎవరెవరు ఎక్కడున్నారో చూద్దామని."

అందరూ సర్దుకున్నాక నెవెంకా తలుపు గడియ తీసి ఓరగా వదిలింది. కిటికీ రెక్క లాగి వెనక్కి తోసింది. గాలి ఈలవేసినట్టు గదిలోకి దూరింది, కర్టెన్ లేచింది.

ఈ దేశంలో పిల్లలకు నడక రాకముందే దూరుగాలంటే భయం వస్తుంది. నెవెంకా మేనత్త స్తోయ్‌నా, మొగుడు పక్షవాతంతో పడిపోయినప్పుడు డాక్టరు రక్తపోటని ఎంత చెప్పినా వినలేదు. బస్సులో ఎదురెదురు కిటికీలు తీసినవాడిని పట్టుకోమని పోలీసుల దగ్గరకే వచ్చింది. అదేదో ముసలివాళ్ల పిచ్చి అనుకోవడానికి కూడా లేదు. లిరియే సగం లేచింది. నెవెంకా ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ముఠాల గుండెల్లో నిద్రపోయే అర్సోవ్ అంతటివాడు కూడా తెలియకుండానే కాలరు పైకెత్తుకున్నాడు.

స్పాసే మాత్రం కుర్చీ ఎగిరిపడేలా లేచాడు.

"అయ్యో అయ్యో! ఏం పనమ్మా అది? మెట్లెక్కి చెమటతో వచ్చాను, మెడ పట్టేస్తుంది, ఊపిరితిత్తుల్లో దిగుతుంది! చంపుతావా ఏంటి?" వెళ్లి తలుపు దభాలున మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. నడినెత్తి దాకా మఫ్లరు లాక్కున్నాడు.

నెవెంకా నెమ్మదిగా కిటికీ మూసింది.

"బాబాయ్, కిందటి వారం ఇదే కుర్చీ. ఇదే గాలి. నేరుగా నీ మెడ మీదే కొట్టింది. లిరియే లేచింది. నువ్వెందుకు లేవలేదు?"

"కాగితాలు... కాగితాలు ఎగిరిపోతాయని."

"కాగితాల కోసం మెడ వదులుకున్నావా? కూతురి పెళ్లికే వదులుకోలేదు."

స్పాసే మెడకు మఫ్లరు ఇంకో చుట్టు తిప్పుకున్నాడు.

"ఒక్కసారి వెనక్కి తిరిగి ఎవరు తలుపు తీశారని కూడా చూడలేదు. నోరు విప్పి తిట్టలేదు. వీడియోలో శబ్దం లేదు గానీ నీ మూతి కనబడుతోంది, కదల్లేదు. గాలి వస్తుందని ముందే తెలిసిన మనిషే అలా కూర్చుంటాడు. తలుపు ఓరగా వదిలింది నువ్వు, ఆఖరున వచ్చింది నువ్వే కాబట్టి. కిటికీకి నువ్వే అంటించిన పట్టీ నువ్వే పీకావు. పారెయ్యడానికి మనసొప్పక మడతపెట్టి దాచావు. ఇంకెవరైనా అయితే కింద పడేసేవాడు. కాగితాలు అదుముతున్నట్టు వంగి, ఆ చేతుల కిందే అట్ట మార్చేశావు."

లిరియే నోరు తెరిచి ఆయన్నే చూస్తోంది. "తాతా, నువ్వా? రోజూ నీకు టీ పెట్టిచ్చేదాన్ని కదా."

ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చూపు లిరియే వైపు పోలేదు, నెవెంకా వైపు పోలేదు. అర్సోవ్ వైపు పోయింది.

"సార్, మీరే చెప్పండి. నేను చెబితే బాగుండదు."

నెవెంకా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇప్పుడు ఒక కప్పు కాఫీ ఉంటే బాగుండునని ఆ రోజు మొదటిసారి అనిపించింది ఆమెకు.

"చెప్పు సాషో."

అర్సోవ్ కాలరు కిందకు దించుకున్నాడు. దబాయించలేదు. ఆ సంగతి మెచ్చుకోవాలి.

"లారీ ఒకటి బయల్దేరుతోంది," అన్నాడు. "మిరపకాయల కింద ఈ బిళ్లలే, వేలకు వేలు. ఇక్కడి నుంచి సెర్బియా మీదుగా యూనియన్ సరిహద్దు దాకా. అక్కడ మూడు దేశాల పోలీసులతో కలిసి పట్టుకోవాలని ఏడాదిగా వల వేశాను. ఈ పిల్ల హెచ్చరిక బయటకొస్తే ఏమవుతుంది? మర్నాడే వాళ్లు లారీ ఆపేస్తారు, చెల్లాచెదురైపోతారు. ఒక్క వారం ఆగితే చాలు. వాళ్ల గడ్డ మీద వాళ్లతో భుజం కలిపి పట్టుకుంటే రేపు మనల్ని చేర్చుకోవాలా వద్దా అనే బల్ల దగ్గర అది ఎంత పెద్ద మాటో తెలుసా నీకు?"

"ఆ మూడు దేశాల వాళ్లకు బిళ్లల్లో విషం ఉందని చెప్పావా?"

అర్సోవ్ కిటికీ వైపు తిరిగాడు.

"చెబితే ముందు హెచ్చరిక పంపు, లారీ సంగతి తర్వాత అంటారు. నీకు తెలుసు. అందుకే చెప్పలేదు. వాళ్లింటి తలుపు తడుతున్నవాళ్లం సాషో మనం. గుమ్మంలో నిలబడి మొదట చెప్పే మాటే అబద్ధమా?"

"ఇద్దరు ముసలమ్మలు అక్కా. లారీ వెళ్లిపోతే రెండొందల మంది."

"ఇద్దరని నీకెవరు చెప్పారు? గుండె అని రాసినవాళ్లను తవ్వి తీసి చూశావా?" అంది లిరియే. నిన్నటి నుంచి ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి. "నన్ను జైల్లో పెట్టావు, సరే. హెచ్చరిక రాకపోతే అంబులెన్సు వాళ్లు విరుగుడు మందు పట్టుకెళ్లరు. ఎందుకు పట్టుకెళ్తారు? ముసలమ్మకు మత్తుమందేంటి అనుకుంటారు. నీ కాపలా లారీ మీద ఉంది. బిళ్లలు మందుల డబ్బాల్లో ఉన్నాయి."

"వారం తర్వాత నిన్ను వదిలేసేవాణ్ణి. పొరపాటని రాసేవాణ్ణి."

"నాకు నా ఉద్యోగం మళ్లీ ఇచ్చేవాడివా? ఇంకోసారి నేను విషం అని అరిస్తే ఎవరు నమ్ముతారు?"

నెవెంకా చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది. ఆమెకు ఇంకో సంగతి తట్టింది. పోలీసు బుర్ర కదా, వస్తువు ఎక్కడుందో తెలిసేదాకా నిలవదు.

"స్పాసే బాబాయ్, నువ్వు తీసిన అసలు అట్ట ఏది?"

"కాల్చేయమన్నాను," అన్నాడు అర్సోవ్.

స్పాసే మఫ్లరు కొస నలుపుతున్నాడు. "కాల్చేయమన్నారు. కానీ సార్, మీరే కదా అన్నారు? అందులో ఏమీ లేదు బాబాయ్, అమ్మాయి లెక్క తప్పింది, గొడవ లేకుండా సరిచేస్తున్నాం, అవి మామూలు నిద్ర బిళ్లలే అని. మంచి మందు తీసుకెళ్లి నిప్పులో ఎలా వేస్తాను? షాపులో డాక్టరు చీటీ లేకుండా ఇవ్వట్లేదు కూడా."

"ఎక్కడ పెట్టావు?"

"మందులన్నీ ఎక్కడ పెడతామమ్మా? ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో."

అర్సోవ్ ముఖంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది. ఆ డబ్బా ఆ గదిలో ఉన్న నలుగురి ఇళ్లలోనూ ఉంది. దాని మూత తీయడానికి ఇరుగమ్మకూ పొరుగమ్మకూ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"ఫోన్ చెయ్యి," అంది నెవెంకా. "ఇప్పుడే. అందరికీ వినబడేట్టు పెట్టు."

ఫోన్ చాలాసేపు మోగింది. మోగి మోగి ఆగిపోతుందనగా అవతల స్పాసే భార్య ఎత్తింది.

"పెత్కానా! నేనే. డబ్బాలో నేను తెచ్చిన బిళ్లల అట్ట..."

"ఆఁ, మంచివి తెచ్చావయ్యా." ఆవిడ గొంతు తీరుబడిగా, దూరంగా ఉంది. "నిన్న రాత్రి కింద మెన్కాకు ఒకటిచ్చాను. కొడుకుతో గొడవట, ఒకటే ఏడుపు. పొద్దున తలుపు కొట్టాను, తీయలేదు. పడుకోనీలే పాపం, ఎన్నాళ్లకు పట్టిందో నిద్ర."

స్పాసే ఫోన్ నెవెంకా వైపు చాచాడు. నెవెంకా అందుకుంది.

"పెత్కానా పిన్నీ, నేను నెవెంకాని. మిగతావి ఎక్కడున్నాయి?"

"ఎవరూ, నెవెంకానా? బాగున్నావా తల్లీ? రేపు మా అక్క పోయి నలభయ్యో రోజు, చుట్టాలకు భోజనాలు పెట్టాలి. పెద్ద కుండలో బీన్స్ పెట్టాను పొయ్యి మీద. మూడు రాత్రులుగా కన్ను మూతపడలేదు. ఇందాకే నేనూ సగం విరిచి వేసుకున్నాను... కాస్త నడుం వాలుద్దామని..."

లిరియే అప్పటికే కారిడార్లో ఉంది. గోడకున్న ఎర్ర పెట్టె మూత లాగిన చప్పుడు వినబడింది. పొరపాటున పొడి పీల్చినవాళ్ల కోసం ముక్కులో కొట్టే విరుగుడు అందులోనే ఉంచుతారు. ఒకటి తీసుకుని ఆగింది, మళ్లీ చెయ్యి పెట్టి పెట్టెలో ఉన్నవన్నీ కోటు జేబుల్లో కుక్కుకుంది.

"ఒకటి చాలదు," అంది వెనక్కి వస్తూ. "ఫోన్ ఇటివ్వండి. ఆవిడ పడుకోకూడదు. ఇల్లెంత దూరం?"

"వంతెన అవతల," అన్నాడు స్పాసే. ఆయన మఫ్లరు జారి నేల మీద పడింది, తీసుకోలేదు.

"అంబులెన్సు," అంది నెవెంకా అర్సోవ్‌తో. "రెండిళ్లకూ. నల్లమందు విషం అని చెప్పు, ఆ మాటే చెప్పు, గుండె అనకు. అది అయ్యాక రెండో ఫోన్ లిస్బన్‌కు. నీ నోటితోనే."

"లారీ..." అన్నాడు అర్సోవ్.

"నీ లారీ వెళ్లనీ, ఆగనీ. ఫోన్ తియ్యి."

అతను ఫోన్ వైపు చూశాడు. ఏడాది పని, మూడు దేశాల వల, అందుకోబోయే పతకాలు అన్నీ ఆ చూపులో కదిలి ఉంటాయి. తర్వాత నంబరు నొక్కాడు. మెట్లు దిగుతూనే మాట్లాడాడు. అందరూ పరుగులాంటి నడకతో దిగుతున్నారు. నెవెంకా ముసలాయన రెక్క పట్టుకుంది. అందరికంటే ముందు లిరియే, ఫోన్ నోటి దగ్గర పట్టుకుని, పెళ్లి కబుర్లు చెబుతున్నంత నింపాదిగా మాట్లాడుతోంది.

"పెత్కానా ఆంటీ, కూర్చోకండి, నిలబడండి. అలా తలుపు దాకా నడవండి, గడియ తీసి పెట్టండి... తీశారా? శభాష్. నాకు బీన్స్ వండటం రాదు ఆంటీ, మా అత్తగారు ఒకటే సణుగుడు. ఎండు మిరపకాయలు ముందు వేయాలా, ఉడికాకా?"

"ఉడికాక... నూనెలో... ఉల్లిపాయ..."

"ఉల్లిపాయ ఎన్ని?"

కారు తలుపులు మూసుకున్నాయి. అర్సోవే బండి నడుపుతున్నాడు. సైరన్ వేసి, ఒక చేత్తో ఫోన్ పట్టుకున్నాడు. అంబులెన్సు వాళ్లతో అయిపోయింది, ఇప్పుడు అవతల వేరే గొంతు ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది.

"లేదు, వెనక్కి తీసుకోవట్లేదు," అన్నాడు అర్సోవ్. "మా నిపుణురాలు చెప్పింది నిజం. నమూనా మార్పించింది నేను. నా పేరు రాసుకోండి. బిళ్లలు మా ఇళ్లలో ఉన్నాయి."

వెనక సీట్లో స్పాసే పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన అయ్యుంటుంది. నెవెంకా ఆయన చెయ్యి వదల్లేదు.

"ఆంటీ? ఉల్లిపాయ ఎన్ని అన్నారు?" అంది లిరియే. ఫోన్ ఇంకా దగ్గరగా పట్టుకుంది. "ఆంటీ, ఉల్లిపాయలు సన్నగా తరగాలా, చక్రాలుగానా? నాతో మాట్లాడండి ఆంటీ. ఏదో ఒకటి చెప్పండి. తిట్టండి పోనీ."

ఫోన్లో మాట లేదు. పొయ్యి మీద కుండ మూత టపటపా కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం కారులో ఉన్న నలుగురికీ వినబడుతోంది. వంతెన ఇంకా రాలేదు.